పది మిల్లీమీటర్ల బిళ్ళ

సుందర్ రాజ్ పొద్దున్నే లేచి మొదట ప్రార్థన చేసుకుంటాడు, తర్వాత బిళ్ళ రుద్దుతాడు. ఈ రెండింటిలో ఎప్పుడైనా ఒకటి తప్పిపోయిందంటే అది ప్రార్థనే అయ్యుంటుందని ఆయన భార్య ఆరోగ్యమ్మ ఇంటికి ఎవరొచ్చినా చెప్పి నవ్వుతుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే వరస. గాజువాకలో వాళ్ళుండే రెండు గదుల ఇంటి వరండాలో పీట వేసుకుని, ఒళ్ళో పాత తువ్వాలు పరుచుకుని, రూపాయి కంటే కాస్త పెద్దదైన ఒక ఉక్కు బిళ్ళను తుప్పు గీకే అరిగిన జీరో నంబరు ఎమ్రీ కాగితం మీద పెట్టి మెల్లగా గుండ్రంగా తిప్పుతాడు. ఇరవై సార్లు. ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. తర్వాత నూనె చుక్క రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి, పాత కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంటాడు.

విశాఖపట్నం గాలి సంగతి తెలిసినవాళ్ళు దీన్ని పిచ్చి అనరు. ఇక్కడ సముద్రం నీళ్ళలో ఉన్నదాన్ని వదిలేసినా ఒడ్డున ఉన్న ఇనుమును మాత్రం వదలదు. కిటికీ ఊచలు, సైకిల్ గొలుసు, గేటు గొళ్ళెం, అన్నీ దానికి పలహారమే. అలాంటి ఊళ్ళో ఇరవై నాలుగేళ్ళ పాటు ఒక ఉక్కు ముక్క మీద తుప్పు మచ్చ పడకుండా కాపాడటమంటే మాటలు కాదు.

ఆ బిళ్ళే సుందర్ రాజ్ అన్నం. ఆటోనగర్‌లో రమణమూర్తి అనే ఆయన నడిపే చిన్న టెస్టింగ్ కంపెనీలో ఆయన పని. ఫ్యాక్టరీల్లో ట్యాంకులు, పైపులు, బాయిలర్లు లోపల్నుంచి ఎంత అరిగాయో బయట్నుంచే కొలిచి చెప్పాలి. అందుకు అరచేతిలో పట్టే ఒక యంత్రం ఉంటుంది. దాని తీగ చివరి బొడిపెను గోడకు ఆనిస్తే శబ్దం ఉక్కులోకి వెళ్ళి తిరిగి వస్తుంది, ఎంతసేపట్లో వచ్చిందో చూసి యంత్రం మందం చెబుతుంది. అయితే పది మిల్లీమీటర్లంటే ఎంతో ముందు దానికి ఎవరో నేర్పాలి. రోజూ పని మొదలయ్యే ముందు బొడిపెను బిళ్ళ మీద పెట్టి, తెర మీద 10.00 వచ్చేదాకా మీటలు నొక్కి సరిచేస్తాడు. ఆ తర్వాతే మిగతా ప్రపంచాన్ని కొలుస్తాడు.

పని నేర్పిన చలమయ్య అనే పెద్దాయన, ఇక చూపు ఆనక పని మానేసిన రోజున ఈ బిళ్ళను అప్పగించాడు. "మెసీను అబద్దమాడొచ్చురా. ఇది మాత్రం ఆడదు. దీనికి తుప్పు పట్టనిచ్చేవంటే నీ నోటికి పట్టినట్టే" అన్నాడు. సుందర్ రాజ్ ఆ మాటను గుండెల్లో పెట్టుకున్నాడు. బిళ్ళకు ఒక పక్కన 10.00 అని చెక్కి ఉంటుంది. ఆ పక్కకు ఎమ్రీ కాగితం తగలనివ్వడు, అక్కడ గుడ్డతో తుడవడమే. రుద్దడమంతా రెండో పక్కనే. అందుకే ఈనాటికీ ఆ అంకె నిన్న చెక్కినట్టుంటుంది.

ఇంత నిష్ఠ ఉన్నవాడికి పేరు రాకుండా ఎలా ఉంటుంది? పరవాడ మందుల కంపెనీల నుంచి చేపల రేవు దగ్గరి ఐస్ ఫ్యాక్టరీ దాకా, సుందర్ రాజ్ చెప్పాడంటే ఇక రెండో మాట లేదు. ఆయన మెత్తనివాడే గానీ ఈ ఒక్క విషయంలో కాస్త గర్వం ఉంది. ఏటా యంత్రాన్ని సర్వీసింగ్‌కి హైదరాబాద్ పంపిస్తారు. అది తిరిగి రాగానే బిళ్ళ మీద పెట్టి చూస్తాడు. ఒక ఏడు 9.93 చూపించింది. "బస్సులో కుదిపీసేరు ఎదవలు" అని పదికి సరిచేశాడు. ఇంకో ఏడు 9.84. కంపెనీ కొత్త యంత్రం కొంది. అది 9.75 అంది. "ఈ కాలం మెసీన్లన్నీ ఇంతే" అని దాన్నీ దారిలో పెట్టాడు. పోయినేడు 9.63. ప్రతి అంకెనూ ఆ ఏటి డైరీలో రాసిపెట్టాడు కూడా. దాచింది ఏమీ లేదు. పిచ్చి మారాజు, కళ్ళ ముందే పెట్టుకుని చూడలేకపోయాడు.

ఆయన కూతురు ఫెబా. ముప్పై రెండో ఏడు నడుస్తోంది. చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చుని ఆ ఇరవై తిప్పుళ్ళూ లెక్కపెట్టిన పిల్ల, పెద్దయ్యాక లోహాల మీదే చదువుకుంది. వెల్డింగ్ అతుకుల దగ్గర ఉక్కు ఎందుకు తొందరగా చెడిపోతుందన్న దాని మీద పీహెచ్‌డీ చేసింది. అది చేతికొచ్చి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ మధురవాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో తాత్కాలికంగా పాఠాలు చెబుతూ, పోస్ట్‌డాక్‌ల కోసం దరఖాస్తులు పెడుతూనే ఉంది.

"పెద్ద సదువు అయిపోనాక ఇంకా సదవడం ఏటే?" అంటుంది ఆరోగ్యమ్మ.

"చదువు కాదమ్మా, పని. రెండేళ్ళు పెద్ద ల్యాబ్‌లో సొంతంగా పరిశోధన చేయిస్తారు. అది లేకపోతే తర్వాత ఎక్కడా తలుపు తీయరు" అంటుంది ఫెబా.

కొన్ని చోట్ల నుంచి జవాబు రాలేదు. కొన్ని చోట్ల నుంచి మర్యాదగా వద్దన్నారు. చివరికి బెంగళూరులో కొలతల మీద, లోహాల మీద పనిచేసే ఒక పరిశోధనాలయం మొదటి వడపోతలో ఆమెను ఉంచింది. ముప్పై రెండు నిండితే వాళ్ళు తీసుకోరు, కాబట్టి ఆమెకు ఇదే ఆఖరి ఏడు. గురువారం పదకొండింటికి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. దానికి వాళ్ళు ఒక చిన్న పని ఇచ్చారు. మీ ఊళ్ళో వాడే మామూలు వస్తువు ఒకటి తీసుకోండి, దాన్ని కొలవండి, మీకొచ్చిన అంకెను ఎంత నమ్మవచ్చో మాకు చెప్పండి, అని.

ఫెబా ఎక్కువ ఆలోచించలేదు. "నాన్నా, నీ బిళ్ళ ఒకరోజు ఇస్తావా?" అని అడిగింది.

సుందర్ రాజ్ ముఖం వెలిగిపోయింది. ఇరవై నాలుగేళ్ళలో ఆ బిళ్ళ ఆయన చెయ్యి దాటి వెళ్ళలేదు. అలాంటిది ఇప్పుడు బెంగళూరు పెద్దల ముందు నిలబడబోతోంది. "మంగళారం పరవాడలో పనున్నాది. బుధారం నీదే" అన్నాడు.

మంగళవారం పరవాడలో కొలిచింది ఒక రియాక్టర్‌ని, అంటే మందులకు కావలసిన ద్రవాన్ని వేడి మీద, ఒత్తిడి మీద ఉడికించే రెండంతస్తుల ఎత్తు ఉక్కు పాత్రని. దాని గోడ ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గితే వాడకూడదు. సుందర్ రాజ్ నలభై చోట్ల కొలిచాడు. అన్నిటికంటే పలచగా ఉన్నచోట 8.20 వచ్చింది. మెయింటెనెన్స్ చూసే జగ్గారావు ఊపిరి పీల్చుకున్నాడు.

"బతికించేవు గురూ. గురువారం పదింటికి స్టార్టప్పు. నీ కాయితం సూపిస్తే మా జీఎం కళ్ళు మూసుకుని సంతకం పెడతాడు."

అలాగే పెట్టాడు కూడా.

బుధవారం ఫెబా బిళ్ళ తీసుకుని యూనివర్సిటీలో తను పీహెచ్‌డీ చేసిన ల్యాబ్‌కి వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానన్న పిల్ల నాలుగు దాటాక వచ్చింది. చెప్పులు విప్పి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నాన్నా, దీని మందం ఎంత?"

"ఇదేటి అడగడం? పది."

"దీన్ని ఎప్పుడైనా కొలిచావా?"

సుందర్ రాజ్ గట్టిగా నవ్వాడు. "దీంతో కొలుత్తారు గానీ, దీన్ని కొలుత్తారేటే పిచ్చిమొకమా!"

ఆ ఇంట్లో ఆ వారానికి అదే ఆఖరి నవ్వు.

"తొమ్మిదీ పాయింట్ అరవై ఒకటి" అంది ఫెబా. "నమ్మకం కలగక మూడు పరికరాల మీద చూశాను. మూడూ అదే చెప్పాయి. నువ్వు రోజూ రుద్దుతావు కదా. రోజుకి పోయేది వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. కానీ ఎనిమిది వేల పైచిలుకు రోజులు, నాన్నా."

మీ మెసీనుని కూడా ఎవరో కుదిపేసుంటారు అనబోయాడు సుందర్ రాజ్. మాట సగంలో ఆగిపోయింది. లేచి వెళ్ళి ట్రంకుపెట్టెలోంచి డైరీలు తీశాడు. 9.93. 9.84. 9.75. 9.63. బస్సు ఏ యంత్రాన్నీ కుదపలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన యంత్రం ప్రతి ఏడూ నిజమే చెప్పింది, ఆయనే ప్రతి ఏడూ దాని నోరు మూయించాడు. పదికంటే తక్కువున్న దాన్ని పదని నేర్పితే, యంత్రం ప్రతి గోడనీ ఉన్నదానికంటే మందంగానే చూపిస్తుంది. ఆయన గోడకు జేరబడ్డాడు.

కూతురు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆయనే వేలితో నేల మీద లెక్క వేశాడు. 8.20లో నూటికి ఇంచుమించు నాలుగు వంతుల చొప్పున తీసేస్తే 7.88. ఎనిమిదికి కింద.

"రేపు పదింటికి" అన్నాడు, తనలో తనే.

ఫెబా తండ్రి చెయ్యి పట్టుకుంది. "నేను దీని గురించి మాట్లాడను నాన్నా. అమ్మ కుట్టుమిషన్ టేపు కొలిచి చూపిస్తాను. దీని సంగతి మనం తర్వాత చూసుకుందాం."

"అలాగంటే ఆ పాత్ర సుట్టూ పదకొండు మందుంటారే, ఆల సంగతేటి సూద్దాం?" అన్నాడు సుందర్ రాజ్. కోపంతో కాదు, నిజంగానే అడుగుతున్నట్టు అన్నాడు.

చీకటి పడకముందే రమణమూర్తికి ఫోన్ చేశాడు. రమణమూర్తి చెడ్డవాడని అనలేం. భయస్థుడు, అంతే. మొత్తం విన్నాడు.

"బావా, పన్నెండు పాయింట్ల తేడాకే పేలిపోద్దేటి? డిజైన్లో బోల్డు ఎసులుబాటుంటాది. వొచ్చే షట్‌డౌన్‌లో మళ్ళీ కొలిసి సరిసేసుకుందుం."

"పేలదని నువ్వు రాసిత్తావా?"

"ఒకటి సెప్పేవంటే అన్నీ సెప్పాల. ఎన్నేళ్ళవి, ఎన్నున్నాయి? కంపెనీ ఉండదు. నీ పేరుండదు. నీ కూతురు ఇంటర్వూ ఉందన్నావు కదా, దాని పేరు కూడా నీ పేరే కదా బావా."

అది మాత్రం సూటిగా వచ్చి తగిలింది. సుందర్ రాజ్ ఫోన్ పెట్టేసి, తినకుండా పడుకున్నాడు. తెల్లవారి లేచి ప్రార్థన చేసుకున్నాడు. బిళ్ళను చేతిలోకి తీసుకున్నాడు, ఎమ్రీ కాగితం మాత్రం తీయలేదు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ గరగర చప్పుడుకే మెలకువ వచ్చే ఆరోగ్యమ్మ, ఆ రోజు చప్పుడు లేక ఉలిక్కిపడి లేచింది.

స్కూటర్ తీస్తూ కూతురితో అన్నాడు. "టేపూ గీపూ వొద్దు. బిళ్ళ గురించే సెప్పు. నాను ఒకసోట సెప్పడానికి ఎల్తన్నాను. నువ్వు ఇంకోసోట సెప్పు."

పరవాడ దారంతా మంచు కమ్మి ఉంది. కరెంటు ప్లాంటు గొట్టాలు సగానికి తెగిపోయినట్టు పైభాగం కనబడటం లేదు. రోడ్డుకి అడ్డంగా పైన వెళ్ళే ఆవిరి పైపుల కిందుగా వెళుతూ అలవాటుగా తలెత్తాడు. ఇది మూడేళ్ళ క్రితం తనే కొలిచాడు. దాటాక ఎడమవైపు తెల్ల ట్యాంకు, అదీ తనదే. దాని వెనక ఆకుపచ్చది, అదీ. ఎన్నడూ లేనిది, ఆ పైపుల కింద స్కూటర్ వేగం పెంచాడు.

తొమ్మిదింబావుకి గేటు దాటాడు. రియాక్టర్ దగ్గర అప్పటికే మనుషులు తిరుగుతున్నారు. ఆవిరి వాల్వు కొంచెం తెరిచి పాత్రని వేడెక్కించడం మొదలుపెట్టేశారు. జగ్గారావు ఎదురొచ్చాడు.

"రా గురూ, టీ తాగుదుం రా."

"జగ్గారావు గారూ, ఇది ఆపీయండి. నా రీడింగు తప్పు."

జగ్గారావు వేళాకోళమనుకున్నాడు. "నీ రీడింగు తప్పేటి? నీ పేరు సెప్పే కదా సంతకం పెట్టించేను!"

"బిళ్ళ అరిగిపోనాది."

"ఏది, సూపించు." చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మంచులో కూడా అద్దంలా ఉంది. పది అంకె స్పష్టంగా కనబడుతోంది. "కొత్త పెళ్ళికూతురులా మెరిసిపోతంటే అరిగిపోనాదంటావేటి? ఏదీ, నా ముందు కొలు."

సుందర్ రాజ్ సంచిలోంచి యంత్రం తీసి కొలిచాడు. తను నేర్పిన తప్పునే అది మళ్ళీ అప్పజెప్పింది. బిళ్ళ మీద 10.00. పాత్ర మీద, అదే చోట, 8.20.

"మంగళారం ఎంతొచ్చింది? ఇదే. మరింకేటి నీ బాధ? ఒంట్లో బాగోకపోతే ఇంటికెల్లి పడుకో" అన్నాడు జగ్గారావు. నిజంగానే ప్రేమగా అన్నాడు. వాల్వు దగ్గరున్న మనిషికి ఇంకొంచెం తెరవమని చేత్తో సైగ చేశాడు.

సుందర్ రాజ్ అక్కడే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ తన మాట నమ్మాలని ప్రాణం పెట్టాడు. ఇప్పుడు నమ్మొద్దు బాబో అని మొత్తుకుంటుంటే ఆ నమ్మకమే అడ్డం నిలబడింది. పాత్రలోంచి సన్నగా టిక్కుటిక్కుమని వేడెక్కే ఉక్కు చప్పుడు వస్తోంది. వేడికి ఉక్కు అలా సాగడం మామూలే. అది ఆయనకు తెలుసు. తెలిసినా ఒక అడుగు వెనక్కి వేశాడు.

బల్ల మీద, పనులకు అనుమతి రాసే పర్మిట్ రిజిస్టర్ ఉంది. రాతలో ఒకరు వద్దన్నాక దాన్ని కాదని పని నడిపితే, ఏదైనా జరిగినప్పుడు నడిపినవాడు నేరుగా జైలుకే. సుందర్ రాజ్ వెళ్ళి పెన్ను తీసుకున్నాడు. ఎవరైనా చదవగలిగేలా ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు. 'మంగళవారం నేనిచ్చిన మందం తప్పు. నా బిళ్ళ 9.61. అసలు మందం 7.88. ఈ పాత్ర వాడకూడదు. నా పాత రీడింగులు కూడా నమ్మవద్దు.' కింద సంతకం, టైము.

జగ్గారావు చదివాడు. ముఖంలో నవ్వు పోయింది. "రాసీసేవేటి! ఇప్పుడు నాను ఆపాల."

"ఆపాలనే రాసేను."

"ఇదయ్యేక ఈ ఏరియాలో నిన్ను ఏ గేటోడూ లోపలికి రానివ్వడు. తెలుసా?"

"తెలుసు."

వాల్వు మూయించాడు జగ్గారావు. వర్క్‌షాపు నుంచి మైక్రోమీటర్ తెప్పించి బిళ్ళను దాని దవడల మధ్య పెట్టి తిప్పాడు. ఒకసారి చూశాడు, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. 9.61. ఆ తర్వాత సుందర్ రాజ్ వైపు కాకుండా, తలెత్తి ఆ రెండంతస్తుల పాత్ర వైపు చూశాడు. పైన ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్న తన మనుషుల్ని దిగండర్రా, ముందు దిగండి అని కేక పెట్టాడు. టీ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఒంటిగంట దాటాక ఇంటికి చేరాడు. ఫెబా ఇంటర్వ్యూకి కట్టుకున్న చీరలోనే మూసిన లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

"ఆపేరు" అన్నాడు.

ఆ పిల్ల కళ్ళు మూసుకుని తెరిచింది. "నేనూ చెప్పాను నాన్నా. మొత్తం చెప్పాను, డైరీ అంకెలతో సహా. మెచ్చుకున్నారు. వచ్చే నెల రాస్తామన్నారు. కానీ చివర్లో ఒకావిడ ఒక ప్రశ్న అడిగింది."

"ఏటడిగింది?"

"ఈ బిళ్ళతో ఇప్పటిదాకా కొలిచినవన్నీ ప్రస్తుతం ఎక్కడున్నాయి అని."

"నువ్వేటన్నావు?"

"తెలీదన్నాను."

సుందర్ రాజ్ చొక్కా కూడా మార్చుకోలేదు. ట్రంకుపెట్టె లాగి ఇరవై నాలుగు డైరీలూ చాప మీద పరిచాడు. కొత్తవాటితో మొదలుపెట్టి వెనక్కి తండ్రి చదువుతుంటే, హద్దుకి దగ్గరగా ఉన్నవాటిని కూతురు కాగితం మీద రాసింది. పోయినేటి డైరీ ముగిసేసరికే పంతొమ్మిదయ్యాయి. ఆ పంతొమ్మిదింటిలో ఏ గోడకి ఏ పక్కన మనుషులు నిలబడి పనిచేస్తారో ఆయనకు తెలుసు. కొందరి పేర్లు కూడా తెలుసు. ఆరోగ్యమ్మ అన్నం వడ్డించి రెండుసార్లు పిలిచింది, మూడోసారి పిలవలేదు.

"అన్నిటికంటే ముందు దేనికి చెయ్యమంటావు?" అంది ఫెబా, ఫోన్ చేతిలోకి తీసుకుని.

సుందర్ రాజ్ వేలు ఒక పేరు దగ్గర ఆగింది. చేపల రేవు దగ్గరి ఐస్ ఫ్యాక్టరీ. అమ్మోనియా ట్యాంకు. హద్దు 6.00, ఆయన రాసింది 6.20. అంటే అప్పటికే 5.97. రాసి పధ్నాలుగు నెలలయింది.

ఫెబా నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారీ అంతే. పడవలకి ఐస్ ఎక్కించే చోటది, పగలైనా రాత్రయినా ఫోన్ దగ్గర ఎవరో ఒకరు ఉండి తీరతారు. సుందర్ రాజ్ స్కూటర్ తాళం కోసం చొక్కా జేబులో వెతుక్కుంటూ లేచాడు.

"మళ్ళీ సెయ్యి" అన్నాడు. "తీసేదాకా సేత్తానే ఉండు."